తలంటు పోసుకున్న తుపాకీ

నిన్న పొద్దున మా ఆవిడ బాత్రూంలోంచి కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చి, తలకిందులు చేసి రెండుసార్లు ఊపి, విసుక్కుంటూ హీటర్ గాలి వచ్చే చోట నిలబెట్టింది. పెన్సిల్వేనియాలో చలి మొదలైందని మాకు టీవీలో ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ సీసా చాలు. అక్టోబరులో ఒక రోజు పొద్దున్నే అది కర్పూరంలా తెల్లగా బిగుసుకుపోతుంది. ఇక ఏప్రిల్ దాకా మా ఇంట్లో తలకి నూనె రాసుకోవాలంటే ముందు చెంచా వెతుక్కోవాలి. ఈ దేశంలో ఉన్న తెలుగువాళ్ళంతా ఆ గడ్డకట్టిన నూనెని తిట్టుకుంటారు. నేను మాత్రం దాన్ని చూసినప్పుడల్లా మనసులో ఒక దణ్ణం పెట్టుకుంటాను. ఎందుకో మొన్న వేసవి దాకా మా ఆవిడకి కూడా తెలీదు. తెలిశాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పప్పులో పోపు వేస్తూ, ఉన్నట్టుండి గరిటె పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. మా స్నేహితుల్లో నాకు కోతలరాయుడని పేరు. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే. ఒక అంగుళం వాన పడితే నా నోట్లో అది అడుగవుతుంది, ఇంటి ముందు జింక కనబడితే సాయంత్రానికి అది ఎలుగుబంటి అవుతుంది. కానీ ఇప్పుడు చెప్పబోయేదాంట్లో నేను కలిపిందేమీ లేదు. అలవాటు లేని పని కాబట్టి కాస్త తడబడితే సర్దుకోండి.

మా పెదనాన్న డాక్టరు. డెబ్బైల్లో ఈ దేశం వచ్చి, పాడి ఆవులూ మొక్కజొన్న చేలూ తప్ప ఇంకేమీ లేని ఒక కొండప్రాంతపు ఊళ్ళో స్థిరపడ్డాడు. ఆ చుట్టుపక్కల అంత నల్లటి మనిషిని చూసినవాళ్ళు లేరట. మొదటి ఆర్నెల్లు జ్వరం వచ్చినా ఎవరూ రాలేదట. ఒక ముసలి రైతు ఆసుపత్రి ఎదురుగానే గుండె పట్టుకుని పడిపోవడంతో ఆయన దశ తిరిగింది. పెదనాన్న లెక్క ప్రకారం ఆ రైతు గుండె అరనిమిషం ఆగింది, నేను చెప్పేటప్పుడు నాలుగు నిమిషాలు ఆగుతుంది. ఏదైతేనేం, బతికాడు. బతికి, చాలా ఏళ్ళు పాలు పితికి, ఆఖర్న పొలం అమ్మేసి వెళ్ళిపోతూ తన రైఫిల్ తెచ్చి పెదనాన్న చేతిలో పెట్టాడు. డాక్టరు పెరట్లో కూరగాయలు బతకడం లేదని అతనికి తెలుసు.

దాని పని చేలని పాడుచేసే జంతువుల్ని కొట్టడం. జింకలకీ ఎలుగులకీ పనికొచ్చేది కాదు. చిన్న గుండు, విపరీతమైన వేగం, బరువైన గొట్టం, పైన దూరం చూసే స్కోపు. ముఖ్యంగా గ్రౌండ్‌హాగుల కోసం. గ్రౌండ్‌హాగ్ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, మన పందికొక్కుని ఎలుకల బోను బదులు పాలపిండి డబ్బాలో పెట్టి పెంచితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. గోధుమరంగు బొచ్చు, బొద్దు వొళ్ళు, చేలో కూర్చుని మనకన్నా తీరిగ్గా భోంచేస్తుంది. మా పెద్దమ్మ దాన్ని పందికొక్కనే పిలిచింది, దాంతో ఆ రైఫిల్‌కి మా వంశంలో పందికొక్కుల తుపాకీ అని పేరు స్థిరపడిపోయింది.

నేను న్యూజెర్సీలో, పిస్కాటవేలో చదువుకునే రోజుల్లో సెలవులకి పెదనాన్న దగ్గరికి వెళ్ళేవాణ్ణి. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆ తుపాకీని నన్ను ముట్టుకోనివ్వలేదు. స్టూడెంటు వీసా మీద ఉన్నవాడు తుపాకీ పట్టకూడదట, చట్టం అంటే ఆయనకి పథ్యం లాంటిది. కార్డు వచ్చిన వారానికే నన్ను ఇంటి వెనక మట్టిగుట్ట దగ్గరికి తీసుకెళ్ళి, గోనెపట్టా మీద బోర్లా పడుకోబెట్టాడు. ఎదురుగా గుట్టకి ఆనించి ఒక కాగితం పళ్ళెం, దాని నడుమ పెద్దమ్మ స్టిక్కర్ బొట్టు. ఆ బొట్టుని కొట్టాలి. మొదటి గుండుకి గుట్ట తగిలింది. అది కూడా గుట్ట పెద్దది కావడం వల్ల. చెవుల మీద పెట్టుకున్న డొప్పల్లోంచి కూడా ఆ చప్పుడు పళ్ళలోకి దిగింది. కాల్చిన మందు వాసన, తడి గోనె వాసన, పెదనాన్న షర్టుకుండే ఆసుపత్రి వాసన, మూడూ కలిసి ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. రెండేళ్ళలో ఓ వంద గుళ్ళు కాల్చి ఉంటాను. బొట్టుకి తగిలినవి మూడు. ఒక్క ప్రాణిని కూడా కొట్టలేదు. పెదనాన్నకి దాని గురించి పెద్ద పట్టింపు లేదు. ఆయన పట్టింపులు వేరే. "ఒరేయ్, కనబడిందాన్ని కొట్టకు, గుర్తుపట్టిందాన్ని కొట్టు," అనేవాడు. నొక్కినా పేలకపోతే కంగారుపడి తెరవకూడదు, గొట్టం కదపకుండా ముప్పై దాకా లెక్కపెట్టాలి, ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది అని కూడా చెప్పాడు. నేను బుద్ధిగా తలూపాను. తలూపడంలో నాకు మొదట్నుంచీ మంచి గురి.

దసరాకి వాళ్ళింట్లో ఆయుధపూజ చూడాల్సిందే. స్టెతస్కోపు, బీపీ మిషను, గడ్డి కోసే బండి, కార్లు రెండు, మంచు తవ్వే పార, వరసలో చివరికి ఈ తుపాకీ. అన్నింటికీ బొట్లు, చామంతులు. తుపాకీలోంచి బోల్ట్ ఊడదీసి పక్కన పళ్ళెంలో పెట్టేవాడు. బోల్ట్ అంటే వెనకనుంచి తూటాని బిగించే జానెడు ఇనప కడ్డీ. అందులోనే స్ప్రింగూ, తూటాని పొడిచే సూదీ ఉంటాయి. అది లేకపోతే తుపాకీ వట్టి కర్రతో సమానం. దేవుడి ముందైనా తుపాకీ తుపాకీయే అని ఆయన నియమం. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక ఒక రోజు నన్ను పిలిచి, కాగితాలన్నీ సరిచేసి దాన్ని నాకిచ్చేశాడు. "ఎలాగూ వేటాడానని చెప్పుకు తిరుగుతున్నావు. తుపాకీ అయినా నిజంది ఉండనీ," అన్నాడు. ఆ మరుసటి ఏడు పోయాడు.

అప్పటికి మేం కూడా పెన్సిల్వేనియాలోనే, ఊరి బయట ఐదెకరాల ఇల్లు కొనుక్కుని ఉన్నాం. పెరటి చివర మట్టిగుట్ట ఉందని చూసుకునే కొన్నాను. మా ఆవిడ వంటిల్లు చూసుకుని కొంది. రైఫిల్ గరాజ్‌లో ఇనప బీరువాలో ఉండేది, తాళంచెవి నా మెళ్ళో ఉండేది. జెర్సీ సిటీ నుంచి స్నేహితులు వారాంతాలకి వస్తే, వాళ్ళ అపార్ట్‌మెంట్ బతుకులకి కాస్త గాలి తగిలేలా వేట కథలు వినిపించేవాణ్ణి. మూడు వందల గజాల దూరంలో, ఎదురుగాలిలో, ఒకే గుండుకి రెండు పందికొక్కులు. పిల్లలు నోరు తెరుచుకుని "అంకుల్, రియల్లీ?" అనేవారు. అంతకన్నా మనిషికేం కావాలి.

ఏడేళ్ళ కిందట మా అత్తగారూ మామగారూ ఐదు నెలలుండటానికి వచ్చారు. మా మామగారు గుంటూరు జిల్లాలో లెక్కల మాస్టారుగా చేరి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటారు. ఎండాకాలంలో కూడా పొద్దున్నే మంకీ క్యాప్ పెట్టుకుంటారు. నన్నెప్పుడూ మీరు అనే అంటారు, అందువల్ల ఆయన చురక ఇంకో అంగుళం లోపలికి దిగుతుంది. ఒక శనివారం నేను జనం మధ్య మూడు వందల గజాల కథ పూర్తి చేసి పకోడీ అందుకోబోతుంటే, మామగారు మెల్లిగా అన్నారు. "అల్లుడుగారూ, నిన్న సాయంత్రం మీ పెరడు అడుగులేసి కొలిచాను. కంచె దాకా నూట నాలుగు గజాలు. మిగతా నూట తొంభై ఆరు గజాలూ ఏ రాష్ట్రంలో ఉన్నాయి?"

అందరూ నవ్వారు, మా ఆవిడ అందరికన్నా ఎక్కువ నవ్వింది. నేను నవ్వుతూనే, మీరు ఇండియా వెళ్ళేలోపు మీ కళ్ళెదురుగా ఒక పందికొక్కుని కొట్టి చూపిస్తానని పందెం కట్టాను. ఆ ఏడు నిజంగానే ఒకటి మా గోంగూర మడి పక్కన కలుగు తవ్వుకుని కాపురం పెట్టింది. చిక్కుళ్ళు అయిపోయాయి, బీరపాదు అయిపోయింది. రోజూ పొద్దున్నే ఆరున్నరకి వచ్చి ఆకులు తుంచుకు తినేది. నేను తుపాకీ తీసేసరికి లోపలికి పోయేది. మామగారు కాఫీ తాగుతూ రోజూ అడిగేవారు, వేట ఎంతవరకు వచ్చిందని. నా పరువు ఆ జంతువు కలుగులో ఉండిపోయింది.

దసరా వచ్చింది. ఆయుధపూజ బాధ్యత అత్తగారు తీసుకున్నారు. పెదనాన్న పద్ధతిలోనే బోల్ట్ ఊడదీసి పళ్ళెంలో పెట్టి, బొట్టు కర్రకే పెట్టండి, ఇనుముకి వద్దు అని చెప్పి నేను ఆఫీస్ కాల్‌లోకి వెళ్ళిపోయాను. నూనె సంగతి చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని ఎవరికి తెలుసు? వేరే పళ్ళెంలో ప్రత్యేకంగా పెట్టాను కాబట్టి అదేదో ముఖ్యమైన వస్తువనుకున్నారు ఆవిడ. ముట్టుకుంటే పొడిగా ఉంది. ఇనుము పొడిగా ఉంటే తుప్పు పడుతుందని ఆవిడ నమ్మకం. నువ్వుల నూనె దీపానికే చాలదు. అందుకని కొబ్బరినూనె వెచ్చబెట్టి, దాన్ని గిన్నెలో ముంచి నానబెట్టి, పండగ పూట దానికి నిండా తలంటు పోశారు. తర్వాత శుభ్రంగా పాత పంచెతో తుడిచి పెట్టారు. సాయంత్రం నేను దాన్ని బిగిస్తుంటే తుపాకీ మొత్తం బడికి బయల్దేరిన ఆడపిల్ల జడలా ఘుమఘుమలాడింది. నవ్వుకుని గరాజ్‌లో బీరువాలో పెట్టేశాను.

మర్నాడు తెల్లవారేసరికి గడ్డి మీద ఆ ఏటి మొదటి మంచు, ఉప్పు చల్లినట్టు. ఆరున్నరకి కాఫీ కప్పుతో వెనక అరుగు మీదికి వెళ్ళాను. గోంగూర మళ్ళో, అరవై గజాల అవతల, గోధుమరంగు బొచ్చు తల ఒకటి మొక్కల మధ్య లేస్తూ వాలుతూ ఉంది. మామగారు ఆ వేళకి మేడ మీద ప్రాణాయామంలో ఉంటారు, ఏడు దాటితే గాని కిందకి దిగరు. ఆయన దిగేసరికి పందికొక్కుని తోకతో సహా అరుగు మీద పడుకోబెట్టాలనుకున్నాను. గరాజ్‌లోకి పరిగెత్తి తుపాకీ తెచ్చి, తూటా పెట్టి, అరుగు కడ్డీ మీద ఆనించాను. స్కోపు అద్దం చల్లగా ఉంది, నా ఊపిరి తగిలి మసకేసింది. తుడిచాను, మళ్ళీ మసకేసింది. ఆ మసకలోనే గోధుమరంగు తల కనబడింది. వెనక మట్టిగుట్ట ఉంది, అంతా సరిగ్గానే ఉందనుకున్నాను. ఊపిరి బిగబట్టి నొక్కాను.

పేలలేదు. నానిన శనగగింజని పంటికింద నొక్కితే ఎంత చప్పుడవుతుందో అంతే వినబడింది.

తిట్టుకుంటూ బోల్ట్ వెనక్కి లాగబోయాను. అంతలో పెదనాన్న మాట గుర్తొచ్చి ఆగి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. పన్నెండు దగ్గర పందికొక్కు లేచి నిలబడింది. నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, నెమ్మదిగా వెనక్కి వంగి, ఒళ్ళు విరుచుకుంది. తర్వాత వంగి స్టీలు బేసిన్ చేతిలోకి తీసుకుంది.

రాత్రి అత్తగారు, మంచు పడితే గోంగూర నల్లబడిపోతుంది, ఉన్నదంతా కోసేయాలి అన్నారట. ఆవిడ లేచేలోపు తనే కోసి పెడదామని మామగారు ప్రాణాయామం మానుకుని వెళ్ళారు. బొచ్చు మంకీ క్యాప్, దాని మీంచి గోధుమరంగు శాలువా.

గొట్టం నేలకి దించాను. మిగతా పద్దెనిమిదీ లెక్కపెట్టానో లేదో గుర్తులేదు. తూటా ఎలా తీశానో, బీరువా ఎలా తాళం వేశానో గుర్తులేదు. సాక్సులతో మంచు మీద పరిగెత్తడం మాత్రం గుర్తుంది. వెళ్ళి, మామగారి రెండు కాళ్ళూ పట్టుకుని, మడిలోనే కూలబడ్డాను. ఏడుపు నా ప్రమేయం లేకుండా వచ్చింది.

ఆయన బేసిన్‌తో అలాగే నిలబడిపోయారు. "ఏమైందండీ?" అన్నారు.

నా నోరు పుట్టినప్పట్నుంచి నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు, ఆ రోజు కూడా చేయలేదు. నిన్న దసరాకి మీకు దణ్ణం పెట్టడం మర్చిపోయాను, పెద్దవాళ్ళకి జమ్మి ఆకు ఇవ్వాలి కదా, రాత్రంతా నిద్ర పట్టలేదు అన్నాను. జమ్మి చెట్టు ఈ ఖండంలో ఎక్కడుందో నాకు తెలీదు. ఆయన బేసిన్‌లోంచే ఒక గోంగూర ఆకు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, నా నెత్తి మీద చెయ్యిపెట్టి, దీర్ఘాయుష్మాన్ భవ అన్నారు. ఆ దీవెన ఆ పూట ఎవరు ఎవరికివ్వాలో దేవుడికే తెలుసు.

తర్వాతి వారం బోల్ట్‌నీ, ఆ పేలని తూటానీ మా ఊళ్ళో తుపాకులు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన విప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, దీన్ని నువ్వు దేంట్లో వేయించావు అని అడిగాడు. స్ప్రింగు చుట్టూ కొబ్బరినూనె కొవ్వొత్తిలా పేరుకుని ఉంది. సూది కదిలింది కానీ దెబ్బ చాల్లేదు. తూటా అడుగున చిన్న సొట్ట చూపించి, వెచ్చటి రోజైతే పేలి ఉండేదన్నాడు.

ఆ రోజు నుంచి వేట కథలు మానేశాను. ఎవరైనా అడిగితే మాట మార్చేవాణ్ణి. స్నేహితులు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు. తుపాకీని కాగితం పళ్ళేనికే పరిమితం చేశాను. పందికొక్కుకి కంచె కింద రెండడుగులు ఇనప వల పాతించాను, అది వేరే ఇల్లు చూసుకుంది. మామగారు రెండు మూడేళ్ళకోసారి వస్తూనే ఉన్నారు. ఆయన మంకీ క్యాప్‌తో ఎదురుగా కూర్చుని కాఫీ తాగినప్పుడల్లా ఆ సంగతి చెప్పబోయి వాన సంగతి మాట్లాడేవాణ్ణి. వెయ్యి అబద్ధాలు అలవోకగా చెప్పిన నోరు ఒక్క నిజం దగ్గర మొరాయించింది.

మొన్న వేసవిలో వచ్చినప్పుడు, ఎనభై దాటాయి, ఇంత ప్రయాణం ఇక చేయలేను, ఇదే ఆఖరు అన్నారు. ఇక చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేను. మర్నాడు మధ్యాహ్నం ఆయన వంటింటి బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. దూరం పెంచలేదు, చలి పెంచలేదు. మసక అద్దం, నొక్కిన వేలు, శనగగింజ చప్పుడు, ఉన్నదున్నట్టు. ఆయన ఒలవడం ఆపారు.

"అయితే ఆ రోజు కాళ్ళ మీద పడింది అందుకా?"

అవునన్నాను.

"నన్ను పందికొక్కు అనుకుని కొట్టబోయారు. అంతే కదా. ఇంకేం లేదు కదా?"

అంతేనన్నాను. అంతకన్నా ఇంకేం ఉండాలో నాకర్థం కాలేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "అమ్మయ్య," అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు.

"అల్లుడనేవాడు ఊరికే మామ కాళ్ళు పట్టుకుని ఏడవడండీ. మా అమ్మాయికి మీరేదో అన్యాయం చేసి ఉంటారనుకున్నాను. దసరా, జమ్మి ఆకు, అవన్నీ నమ్మేంత వెర్రివాణ్ణి కాదు. ఆ ఏడు మోకాలి నొప్పని టికెట్ మార్చుకుని ఇంకో నెల ఉన్నాను, గుర్తుందా? నా మోకాలికేం కాలేదు. మిమ్మల్ని కనిపెట్టి చూద్దామని ఉన్నాను. వచ్చిన ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను. అది నవ్వితే మనసారా నవ్వుతోందా లేదా అని."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చిక్కుడుకాయ అందుకున్నారు. రెండు కాయలు ఒలిచాక అడిగారు. "గురి ఎక్కడ పెట్టారు?"

"తలకండి."

"అరవై గజాల్లో, మీరు, తలకి." కాసేపు లెక్కేసుకున్నారు. "అయితే అది పేలినా నాకేం అయ్యేది కాదు లెండి. గోంగూరకి తగిలేది."

ఇద్దరం ఎంతసేపు నవ్వామంటే, మేడ మీంచి మా ఆవిడ దిగొచ్చి ఏమిటని అడిగింది. అప్పుడు ఆమెకీ చెప్పక తప్పలేదు.

ఆ మధ్యాహ్నం నుంచి నాకు నిద్ర బాగా పడుతోంది. మామగారికీ పడుతోందని అత్తగారు ఫోన్‌లో చెప్పారు, గురక మాత్రం పెరిగిందట. కాలం అన్నీ మాన్పుతుందని పెద్దలంటారు గానీ, నాకు తెలిసిన కాలం అంత చొరవ ఉన్నది కాదు. ఏడేళ్ళు మా ఇద్దరి మధ్యా బల్ల దగ్గర కుర్చీ వేసుకుని, మేం నోరు విప్పేదాకా తనూ మాట్లాడకుండా కూర్చుంది.